పడిపోయానని చెప్పు

అల్లుడు సాక్ష్యం చెప్పడానికి మైకు ముందు నిలబడేసరికి, కత్తి పిన్ని గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పొలుసు గీక్కుంటోంది. ఆదివారమైనా చేపల బజారుకు సెలవుండదు. పొద్దున్నే వెళ్లి, వచ్చినంత బేరం చేసుకుని, చేతులు సబ్బుతో అరగదోముకుని మందిరానికి రావడం ఆమెకు అలవాటు. ఎంత తోమినా వాసన పోదు. అందుకే ఎప్పుడూ వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంటుంది. బజారులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. పెద్ద చేపనైనా ఒకే వేటుకు తల తెంచుతుందని అందరూ కత్తి పిన్ని అనే అంటారు.

పక్కన కూతురు కూర్చుంది. ఎడమ కంటి మీద తెల్లటి పట్టీ. పట్టీ కింద కన్ను లేదు.

"నేను మంచివాణ్ణి కాదు," అన్నాడు అల్లుడు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి మోసి బలిసిన భుజాలు ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాయి. "తాగేవాణ్ణి. వీధిలో కొట్లాడేవాణ్ణి. ఇంట్లో కూడా... కొన్ని పొరపాట్లు జరిగాయి. అవన్నీ సిలువ దగ్గర పడేశాను. దేవుడు వాటిని మర్చిపోయాడు. ఇప్పుడు నేను కొత్తవాణ్ణి."

రేకుల షెడ్డు చప్పట్లతో దద్దరిల్లింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అతను కూడా తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు దొంగ కన్నీళ్లని పిన్నికి అనిపించలేదు. అదే ఆమెకు మరీ మంట పుట్టించింది. దొంగ ఏడుపైతే ఉమ్మేసి ఊరుకునేది.

"పొరపాట్లట," అని గొణిగింది. కూరలో ఉప్పెక్కువైతే పొరపాటు. ఒక బేరానికి తూచిన చేప ఇంకో బేరం సంచిలో పడితే పొరపాటు.

పాస్టరు లేచాడు. వయసు ఎక్కువ లేదు, మాట మెత్తన. మాట్లాడేటప్పుడు వెనక గోడ మీది కర్ర సిలువ వైపు చెయ్యి చాపుతూ ఉంటాడు. "హంతకుడైనా, ఎవరూ వేలెత్తి చూపలేని పెద్దమనిషైనా, సిలువ ముందు ఒక్కటే. నేను వాడికంటే నయం అనే మాట అక్కడ చెల్లదు," అన్నాడు.

"ఆమెన్!" అని ముందు వరసలోంచి గట్టిగా వినిపించింది. కలప కొట్టు పెద్దాయన గొంతు అది. ఆ సిలువ ఆయన చేయించి ఇచ్చిందే. అందరికీ ప్లాస్టిక్ కుర్చీలుంటే ఆయనకొక్కడికే చేతుల కుర్చీ.

"వచ్చే ఆదివారం ఈ తమ్ముడు మనతో కలిసి ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుంటాడు. ఆలుమగలిద్దరూ కలిసి ముందుకొస్తే మరీ సంతోషం," అన్నాడు పాస్టరు. జనమంతా వెనక్కి తిరిగి కూతురి వైపు చూశారు. ముందు కూర్చున్నావిడ చెయ్యి చాపి ఆమె మోకాలు తట్టింది. "లేవమ్మా, వెళ్లి మీ ఆయన పక్కన నిలబడు. ఎంత భాగ్యం!"

కూతురు కదల్లేదు. పిన్నే లేచింది.

"అయ్యగారూ, ఒక్క మాట. మా అల్లుడి పాపాలు కడిగేశారు, బాగానే ఉంది. మరి మా పిల్ల కన్ను ఎక్కడ పెట్టారు?"

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. పెద్దాయన కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, ఇదేమన్నా బజారనుకున్నావా?"

"బజారైతే తూకం సరిగ్గా ఉండును పెద్దయ్యా," అని, కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

పాస్టరు మంగళవారం బజారుకొచ్చాడు. నీళ్లూ, పేగులూ, కరిగిన ఐసూ కలిసి పారుతున్న గచ్చు మీద బూట్లు తడవకుండా అడుగులు ఏరుకుంటూ వచ్చి, పిన్ని చేపలు కోసే మొద్దు ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. చేతిలో మనిషి చెయ్యంత పొడుగు చేప ఉంది. ఇంకా కొట్టుకుంటోంది. తోక పట్టుకుని, తల మొద్దుకేసి బాది, మొప్ప కింద కత్తి దింపింది. ఎర్రటి చార పాస్టరు ప్యాంటు అంచు దాకా చిమ్మింది.

"కోపంగా ఉన్నారా అమ్మా?"

"లేదు. చేపలెప్పుడూ ఇలాగే కోస్తాను."

పొట్ట చీల్చి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, పేగులన్నీ ఒక్క లాగుడుతో బకెట్లోకి వేసిందామె.

"మీ అమ్మాయితో మాట్లాడండి. అతను నిజంగానే మారాడు. ఒక్క అవకాశం ఇస్తే కాపురం నిలబడుతుంది. సిలువ మోయడమంటే అదే కదమ్మా."

"ఎవరు మోయాలి?"

"మనందరం."

కత్తి ఆగింది. "వాడు కొట్టినన్నాళ్లూ నా కూతురే మోసింది. వాడు మానేశానంటే ఇప్పుడూ అదే మోయాలంటున్నారు. అయ్యగారూ, ఐసు దిమ్మలు తప్ప ఆ మనిషి జన్మలో ఏమన్నా మోశాడా?"

పక్క మొద్దు దగ్గర రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. పాస్టరు గొంతు తగ్గించాడు. "అతనికి అర్హత ఉందని నేను అనలేదు. అర్హత లేనివాళ్ల కోసమే క్షమాపణ. ఊరికే ఇస్తారు. ఊరికే కాకపోతే అక్కడ నాకూ చోటుండదమ్మా."

"ఆ ఊరికే అనేదే నాకు గొంతు దిగట్లేదు." కత్తి మొనతో పట్టీ పెట్టినట్టు తన ఎడమ కంటి మీద గాలిలో గీత గీసింది. "రక్తం కారింది నా బిడ్డది. ఎప్పుడో, ఎక్కడో, ఇంకొకాయన రక్తం కారిందని చెప్పి వీడి బాకీ కొట్టేస్తారా? నా బిడ్డను ఒక్క మాటైనా అడక్కుండా? నేను పుట్టినప్పట్నుంచీ ఆ సిలువ ముందే మోకరిస్తున్నాను. మొన్న మొదటిసారి దాన్ని పీకి పొయ్యిలో పెట్టాలనిపించింది."

పాస్టరు చుట్టూ చూశాడు. ఆమె వదల్లేదు.

"ఆసుపత్రిలో దాని చెవిలో మీరేం చెప్పారో నాకు తెలుసు. కుట్టు మిషను మీద పడిపోయానని చెప్పు, పోలీసుల దాకా వద్దు, కాపురం పోతుంది అన్నారు. మీరన్నారని అది అలాగే చెప్పింది. కన్ను పోయింది, నిజమూ పోయింది. ఇక దాని దగ్గర మీకివ్వడానికి ఏం మిగిలింది?"

ఆయన ముఖం పాలిపోయింది. "మంచికే అనుకున్నానమ్మా," అన్నాడు మెల్లగా. ఆమె తరవాతి చేప అందుకుంది.

శుక్రవారం సాయంత్రం కూతురు తల్లి ఇంట్లో మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. కన్ను ఒకటే అయినప్పట్నుంచి ఏది దగ్గరో ఏది దూరమో అంచనా దొరకదు. దారం కొస సూదికి ఇవతలే ఆగిపోతుంది, లేదంటే పక్కనుంచి పోతుంది. అందుకని ఎడమ చూపుడువేలు సూది వెనక పెట్టి, దారం కొస వేలికి గుచ్చుకునేదాకా తడుముతూ ఎక్కిస్తుంది. పిన్ని పెరట్లో బట్టలు ఉతుకుతోంది. వీధి తలుపు తీసుకుని అల్లుడు లోపలికొచ్చాడు. దువ్విన తల, చేతిలో కొత్త పాటల పుస్తకం.

"మందిరంలో అందరూ నీ గురించే అడుగుతున్నారు," అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

"మీరు పొరపాట్లు అన్నారు," అంది కూతురు, దారం వదలకుండా.

"మరేమనాలి?"

"జరిగింది జరిగినట్టు అనండి. మళ్లీ అక్కడే నిలబడి, ఏం చేశారో చెప్పండి. తరవాత నన్ను పిలవండి."

"అంతమంది ముందా?" అతని మెడ నరాలు ఉబ్బాయి. "దేవుడే మర్చిపోయాడు. నీకేంటే?"

"దేవుడికి రెండు కళ్లూ ఉన్నాయి."

పాటల పుస్తకం నేల మీద పడింది. జుట్టు పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. మిషను పక్కకు ఒరిగి, చక్రం గిర్రున తిరుగుతూ గచ్చు మీద పడి పగిలింది. చప్పుడుకి పిన్ని తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. చేతిలో బట్టలుతికే కర్ర ఉంది. అతని వీపు మీద రెండు చేతులా దించింది. అతను తిరిగి ఆమె గుండెల మీద తోశాడు. ఆమె వెళ్లి గోడకు కొట్టుకుంది. అరలోని గిన్నెలన్నీ నెత్తి మీద రాలాయి. కళ్లు బైర్లు కమ్మినా, అరచెయ్యి చెంప మీద పడిన చప్పుడు మాత్రం వినిపించింది. ఒకటి. మళ్లీ ఇంకొకటి.

తరవాత అతనే ఆగిపోయాడు. తన చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకున్నాడు. "చూశావా, నన్ను మళ్లీ ఎలా చేస్తున్నావో?" అన్నాడు ఆయాసపడుతూ. "ఆదివారం వచ్చి నా పక్కన నిలబడు. రాలేదో, ఈడ్చుకుపోతాను." కిందపడ్డ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కూతురు ఏడవలేదు. పగిలిన చక్రం ముక్కలు ఏరుతూ కూర్చుంది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదకు కారుతోంది.

"ఇంకేం అడుగుతానమ్మా వాణ్ణి," అంది కాసేపటికి. మొగుణ్ణి వాడు అనడం ఆమె నోట పిన్ని ఎప్పుడూ వినలేదు.

శనివారం మధ్యాహ్నం పిన్ని పెరట్లో సానరాయి ముందు కూర్చుంది. బజారు కత్తి మొద్దుబారితే రాయి మీద నాలుగు రుద్దులు రుద్దడం ఆమెకు మామూలే. ఇవాళ రుద్దుతూనే ఉంది. నీళ్లు చల్లుతోంది, అంచు బొటనవేలి గోటి మీద పెట్టి చూస్తోంది, మళ్లీ రుద్దుతోంది. కూతురు గుమ్మంలోంచి చూసింది.

"ఎందుకమ్మా అంతలా నూరుతున్నావు?"

"రేపు బేరాలెక్కువుంటాయి."

కూతురు తల్లి కళ్లలోకి ఎక్కువసేపే చూసింది.

పిన్ని ఆలోచనలో తికమకేమీ లేదు. వాడు రొట్టె కోసం రెండు చేతులూ చాపుతాడు. అప్పుడు వాడి చేతులు ఖాళీగా ఉండవు, చూపు పళ్లెం మీద ఉంటుంది. మెడ పక్కన, చెవి కింద. చేపకైతే మొప్ప ఉండే చోటు. తరవాత ఏమైనా కానీ. దేవుడు వాడికి ఊరికే ఇచ్చినదాన్ని, వాడి నోటి దాకా వెళ్లకుండా తను ఆపేస్తుంది. కత్తిని పాత గుడ్డలో చుట్టి, బైబిలు సంచిలో పెట్టుకుంది.

ఆదివారం మందిరం కిటకిటలాడుతోంది. ముందు పొడుగాటి బల్ల, తెల్ల గుడ్డ, పళ్లెం నిండా రొట్టె ముక్కలు. పిన్ని ఈసారి వెనక కూర్చోలేదు. దారి పక్కన, బల్లకు చేరువలో కూర్చుంది. సంచి ఒళ్లో ఉంది, చెయ్యి సంచిలో ఉంది. పాస్టరు ముఖం ఉబ్బి ఉంది. నిద్ర లేనివాడిలా మాటలు తడబడుతున్నాయి. అల్లుణ్ణి పిలిచాడు. అతను వెళ్లి బల్ల ముందు తలవంచి నిలబడ్డాడు.

పిన్ని గుడ్డ విప్పింది. పిడి అరచేతిలోకి వచ్చింది. లేవబోతూ ఉండగా, ఆమె మోకాళ్లను రాసుకుంటూ కూతురు దారిలోకి వెళ్లిపోయింది.

జనానికి ప్రాణం లేచొచ్చింది. "హల్లెలూయా!" అంటూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కుర్చీలోంచి లేచి, ఆమెకు దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాపాడు. అల్లుడు తల తిప్పి నవ్వాడు. ఆమె అతని పక్కన నిలబడలేదు. ఎదురుగా నిలబడి, స్టాండు మీది మైకు ఊడదీసి చేతిలోకి తీసుకుంది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నువ్వు," అంది కూతురు. పెళ్లైననాటి నుంచీ మీరు అన్న నోరు అది. ఆ ఒక్క మాటకే ఆడవాళ్ల వరసల్లో గుసగుస పుట్టింది. "నువ్వు వీళ్లకు చెప్పలేదు. నేను చెప్తాను. చొక్కాకి గుండీ కుట్టలేదని బెల్టు తీశావు. బకిలు ఉన్న వైపుతో కొట్టావు. కన్ను నా చెంప మీదకు జారితే, నేల పాడవుతోంది తుడువు అన్నావు. ఆసుపత్రిలో నేను మిషను మీద పడిపోయానని చెప్పాను. అది అబద్ధం. నేనెక్కడా పడిపోలేదు."

"చాల్లేమ్మా, మైకు ఇటివ్వు," అన్నాడు పెద్దాయన.

ఆమె గోడ మీది సిలువ వైపు చూపించింది. "అక్కడున్నాయన్ని కూడా కొట్టారు. బట్టలూడదీసి, అందరూ చూస్తుండగా వేలాడదీశారు. ఆయన దెబ్బలు తిన్నవాడు. నువ్వు వచ్చి ఆయన పక్కన నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటున్నావు. నీ చోటు అది కాదు. మేకు పట్టుకున్నవాళ్లు ఉంటారే, ముందు అక్కడ నిలబడు. ఈ చేతులతో నేనే కొట్టానని చెప్పు. ఆయన మేకు కొట్టినవాళ్లను కూడా వదిలేశాడని విన్నాను. కొట్టలేదన్నవాడికి మాత్రం ఏం వదిలేస్తాడు?"

అల్లుడి ముఖంలో రక్తం ఇంకిపోయి, మళ్లీ ఒక్కసారిగా పొంగింది. అతని చెయ్యి లేవడం పిన్ని చూసింది. ఆ దెబ్బ చెంపతో పాటు మైకుకూ తగిలింది. రెండు పక్కల స్పీకర్లూ పిడుగు పడ్డట్టు మోగాయి. అతను చేసింది మందిరం నలుమూలలా, బయట వీధిలో కూడా వినపడింది. కంటి పట్టీ ఊడి బల్ల మీది తెల్ల గుడ్డ మీద పడింది. ఆ ఖాళీ గుంటను అందరూ మొదటిసారి చూశారు.

అంతే. మగవాళ్లు అతని మీద పడ్డారు. పోయినవారం అతన్ని కావలించుకున్న చేతులే గల్లా పట్టుకుని కింద పడేశాయి. పళ్లెం ఎగిరి రొట్టె ముక్కలు కాళ్ల కింద నలిగాయి. కుర్చీ కాళ్లు విరిచినవాడు కుర్చీ కాలుతో, చెప్పు అందినవాడు చెప్పుతో బాదుతున్నారు. "మందిరంలో! దేవుడి బల్ల ముందు!" అని అరుస్తున్నారు. ఒక ముసలాయన కళ్లద్దాలు జేబులో భద్రంగా పెట్టుకుని మరీ వచ్చి డొక్కలో తన్నాడు. పెద్దాయన మైకు లేని స్టాండును, ఆ ఇనప రాడ్డును, రెండు చేతులా ఎత్తాడు.

పిన్ని కత్తి పట్టుకుని గుంపులోకి చొచ్చుకుపోయింది. కత్తి చూసి జనం పక్కకు జరిగారు. ఎవరూ ఆపలేదు. ఇద్దరు ముగ్గురైతే "రానివ్వండి, తల్లి కడుపు మంట" అంటూ దారిచ్చారు. ఆమె సరాసరి అతని దాకా వెళ్లింది.

కింద ఒక ముఖం ఉంది. పెదవులు చిట్లి, ముక్కు పక్కకు తిరిగి, ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. అది ఎవరి ముఖమో ఒక్క క్షణం పిన్నికి తెలియలేదు. అలాంటి ముఖాన్ని ఆసుపత్రి మంచం మీద తడిగుడ్డతో తుడిచింది. గుడ్డ తగిలితే నొస్తుందేమోనని ఊపిరి బిగబట్టుకుని తుడిచింది. నోరు తెరుచుకుని గాలి కోసం ఎగబీల్చడం కూడా అచ్చం అలాగే ఉంది. వాడే, వాడే, అని తనకు తను చెప్పుకుంది. చెవి కిందే, మొప్ప దగ్గరే. చెయ్యి కిందికి దిగలేదు. కత్తి జారి గచ్చు మీద టంగుమంది.

తలెత్తి చూస్తే ఇనప రాడ్డు వస్తోంది. వెళ్లి వాడి మీద బోర్లా పడింది. తల మీదికి చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు దగ్గర ఎముక పుల్లలా విరిగిన చప్పుడు ఆమె చెవిలోనే వినిపించింది.

"లేవమ్మా! లే! వీడు చావాలి!" అంటున్నాడు పెద్దాయన.

"చంపేస్తే," అంది పిన్ని పళ్లు బిగబట్టి, వాడి రక్తంలో మొహం పెట్టుకునే, "చేసింది నేనే అని వీడి నోటితో వీడెప్పుడు చెప్తాడ్రా?"

పెద్దాయన్ని రా అన్నవాళ్లు ఆ ఊళ్లో అంతవరకూ లేరు. రాడ్డు గాల్లోనే ఆగిపోయింది.

ఆసుపత్రిలో చేతికి పిండికట్టు వేశారు. మత్తు దిగాక ఒకటే సలుపు. కూతురు మంచం పక్కన కూర్చుని, తల్లి జుట్టులో అంటుకున్న రొట్టె పొడి దులుపుతోంది.

"ఎందుకు అడ్డంపడ్డావమ్మా? నువ్వు కత్తి తెస్తావని నాకు నిన్నే తెలుసు. నువ్వు లేవకముందే మైకు అందుకోవాలని పరిగెత్తాను."

"నాకేం తెలుసు," అంది పిన్ని చిరాగ్గా. "ఆ పక్కకి పోవాలనుకున్నాను, ఈ పక్క పడ్డాను." తల తిప్పుకుని అంది, "వాడి మీద జాలేసిందనుకునేవు. లేదు. ఇప్పటికీ వాణ్ణి తలుచుకుంటే ఒళ్లు మండుతోంది."

పెద్దాయన పళ్ల సంచితో వచ్చాడు. వెనక పాస్టరు. పెద్దాయన మంచం మీదకు వంగి, చుట్టూ చూసి, మెల్లగా అన్నాడు. "పోలీసాయన వస్తున్నాడమ్మా. వాడి మీద కేసు పెట్టిద్దాం, దగ్గరుండి నేనే పెట్టిస్తాను. ఈ చెయ్యి సంగతి మాత్రం... తొక్కిసలాటలో పడిపోయానని చెప్పు. సంఘం పరువు కదా."

కూతురు లేచి నిలబడింది. కొత్త పట్టీ కట్టుకోలేదు. ఖాళీ గుంటతోనే ఆయన ముఖంలోకి చూసింది.

"మా ఇంట్లో ఆడవాళ్లు పడిపోవడం మానేశారండీ," అంది.

గది బయట వరండాలో గోడకానించి పొడుగాటి చెక్క బెంచీ ఉంది. దాని మీద అల్లుడు కూర్చున్నాడు. తల చుట్టూ కట్టు, ఒక చేతికి బేడీ. పోలీసాయన గుమ్మం దగ్గరికొచ్చి మొదట కూతురి మాట రాసుకున్నాడు. ఆమె ఒక్క అక్షరం దాచలేదు. తరవాత పిన్నిని అడిగాడు. "తొయ్యడం మా అల్లుడు తోశాడు, మొన్న ఇంట్లో," అంది పిన్ని. "చెయ్యి విరగ్గొట్టింది ఈయన."

పోలీసాయన పెద్దాయన వంక చూశాడు. "మీరూ రావాలి స్టేషనుకి. జీపు వచ్చేదాకా అక్కడ కూర్చోండి."

పెద్దాయన బెంచీ వైపు చూశాడు. అర్థం కానట్టు మళ్లీ చూశాడు. "అక్కడా? వాడి పక్కనా?"

"ఒక్కటే బెంచీ ఉంది సార్."

"నేనెవరో తెలుసా నీకు? ఆ సంఘం నా చేతుల మీద లేచింది. ఆడదాని కన్ను పొడిచిన వెధవనీ నన్నూ ఒక్క గాటన కడతావా?" పాస్టరు వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి! వాడూ నేనూ ఒకటేనా?"

పాస్టరు బెంచీ వైపు చూశాడు. "పోయినవారం నేను చెప్పింది అదే కదండీ," అన్నాడు. "మీరు ఆమెన్ అన్నారు."

"అది ప్రసంగమయ్యా!" అని అరిచాడు పెద్దాయన. "ప్రసంగంలో అంటారు! నిజంగా కూర్చోబెడతారని ఎవడనుకుంటాడు?"

వరండాలో నర్సులు తొంగిచూశారు. పాస్టరు నడిచివెళ్లి అల్లుడి పక్కన కూర్చున్నాడు. "నా పేరు కూడా రాయండి," అన్నాడు పోలీసాయనతో. "పడిపోయానని చెప్పమని ఆ అమ్మాయికి నేర్పింది నేను." పెద్దాయన గోడ దగ్గరే నిలబడ్డాడు, కూర్చుంటే ఏదో అంటుకుంటుందన్నట్టు బట్టలు దగ్గరికి లాక్కుని.

అల్లుడు తలెత్తలేదు. చాలాసేపటికి, ఎవరూ అడక్కుండానే, చిట్లిన పెదవులతో నేలకేసి మాట్లాడాడు. "గుండీ కుట్టలేదని. బెల్టుతో. బకిలు వైపు నేనే చూసి పట్టుకున్నాను." బేడీ ఉన్న చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు. "పొరపాటు కాదు."

పోలీసాయన రాసుకున్నాడు. కూతురు గుమ్మంలో నిలబడి వింది. ఆమె భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. "నేను నీతో రాను," అంది. "అది అడక్కు. మిగతాది నేనూ, ఆ సిలువ మీదాయనా చూసుకుంటాం." అని, తల్లికి నీళ్లు తేవడానికి సీసా తీసుకుని వరండా చివరికి నడిచింది.

పోలీసాయన కాగితం తిప్పాడు. "ఇంకొకటి. మందిరంలో కత్తి దొరికింది. ఎవరిది?"

"వాడిదే అయ్యుంటుంది, ఇంకెవరు తెస్తారు!" అన్నాడు పెద్దాయన వెంటనే.

పిన్ని మంచం దిగి, విరిగిన చెయ్యి గుండెలకు ఆనించుకుని, మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. అల్లుడు మొదటిసారి తలెత్తి ఆమె వంక చూశాడు. వాచిన కంటిలోంచి ఆమె మొహం కనబడుతోందో లేదో.

"నాది," అంది పిన్ని.

"మందిరానికి కత్తెందుకు పెద్దమ్మా?"

"చేపల కోసమని చెప్పాలనుంది." గడ్డంతో అల్లుణ్ణి చూపించింది. "కాదు. వీడి మెడ కోద్దామని."

పోలీసాయన కలం ఆపి, ఆమె పిండికట్టు వైపు, అల్లుడి తలకట్టు వైపు మార్చి మార్చి చూశాడు. "నిలబడలేకపోతున్నావు. కూర్చో ముందు," అన్నాడు.

బెంచీ మీద ఖాళీ అల్లుడి అటు పక్కనే ఉంది. పిన్ని దాన్ని చూసింది. గోడకు అతుక్కుని నిలబడ్డ పెద్దాయన్ని చూసింది. కడుపులో మంట ఏమాత్రం తగ్గలేదు. అయినా వెళ్లి బెంచీ ముందు నిలబడింది.

"జరుగు," అంది అల్లుడితో.